ప్రాచీన రోమను నాణెముల ఉమ్మడి పట్టిక

గ్రామములలో ఇంటి పునాది త్రవ్వునపుడును, చెరువు పూడిక తీయునపుడును, మెట్టచేను లోతుగా దున్నునపుడును ఒక్కొక్కప్పుడు పాత నాణెములు బయల్పడుట కలదు. వానిలో కొన్ని రెండువేల సంవత్సరముల నాటివి. మన రాజులు వేయించినవి గాక, సముద్రములు దాటి రోము సామ్రాజ్యమునుండి వచ్చినవి. అట్టివి దొరికినపుడు గ్రామస్థులు మొదట సంప్రదించునది ఊరి పెద్దలను, పంచాయతీ సభ్యులను. ఆ వేళ వారు చెప్పు మాటను బట్టియే ఆ నాణెము చరిత్రకు దక్కుటయో, కుంపటిలో కరగిపోవుటయో తేలును.

నేడు ప్రపంచములోని మ్యూజియములు, పండితులు, సామాన్య పౌరులు సైతము కలసి రోమను నాణెములను అంతర్జాలము మీద ఒక ఉమ్మడి పట్టికలో చేర్చుచున్నారు. ఆ పట్టిక ఎట్లు ఏర్పడినది, అందొక నాణెము చేరవలెనన్న ఏమేమి తెలియవలెను, దానితో మన గ్రామములకు గల సంబంధమేమి అను విషయములు పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినవి.

రోము ధనము మన తీరమునకు వచ్చిన విధము

క్రీస్తుశకము మొదటి రెండు శతాబ్దములలో మన ప్రాంతమున శాతవాహనుల ప్రాబల్యము సాగుచుండగా, మధ్యధరా సముద్రము చుట్టునున్న దేశములన్నియు రోము చక్రవర్తుల పాలనలో నుండెను. ఈజిప్టు రేవులనుండి బయలుదేరిన ఓడలు నైరుతి ఋతుపవనముల సాయమున అరేబియా సముద్రమును దాటి మన దేశమునకు వచ్చుచుండెడివి. మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో వ్రాయబడిన 'పెరిప్లసు' అను వర్తక గ్రంథమున మసాలియా యను తీరము పేర్కొనబడినది. అచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగ తయారగునని అందు వ్రాయబడియున్నది. ఇది కృష్ణా ముఖద్వారమున మచిలీపట్నము పరిసరములని చరిత్రకారుల అభిప్రాయము. రెండవ శతాబ్దపు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ పేర్కొన్న రేవులలో ఒకటి నేటి ఘంటసాల.

మిరియములు, ముత్యములు, రత్నములు, నూలుబట్టలు మన దేశమునుండి వెళ్ళెడివి. వానికి బదులుగ ద్రాక్షసారాయము, పగడములు, గాజు సామగ్రి వచ్చెడివి. సరకుతో సరిపడని వెలను రోము వర్తకులు బంగారు, వెండి నాణెములతో చెల్లించుచుండిరి. మన దేశమునకు ఏటేట 5 కోట్ల సెస్టర్సులు పోవుచున్నవని రోము రచయిత ప్లినీ మొదటి శతాబ్దముననే వాపోయెను. సెస్టర్సు తక్కువ వెల గల నాణెము. నాలుగు సెస్టర్సులు ఒక వెండి దెనారియసు. ఇరువదియైదు దెనారియసులు ఒక బంగారు ఆరియసు. ఈ లెక్కన ప్లినీ చెప్పిన మొత్తము 5 లక్షల బంగారు నాణెముల వెలకు సమానము. అగస్టసు చక్రవర్తి కాలమున ఆరియసు దాదాపు 7.8 గ్రాములు తూగెడిది. అనగా పాత తులములో సుమారు మూడింట రెండు వంతులు. దెనారియసు తూకము అందులో సగము.

ఆ నాణెములు తెలుగు నేలలో పలుచోట్ల దొరికినవి. నాగార్జునకొండ త్రవ్వకములలోను, వినుకొండలోను బంగారు నాణెములు లభించినవి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో అగస్టసు, తిబేరియసు చక్రవర్తుల వెండి నాణెములు వేయికి పైగా ఒక్కచోట బయల్పడెను. పూర్వపు కరీంనగరు జిల్లాలోని పెద్దబంకూరు త్రవ్వకములలో రోమను వెండి నాణెములు శాతవాహనుల నాణెములతోపాటు కనబడినవి. మెదకు ప్రాంతమునందలి కొండాపురమున రోమను నాణెములను చూచి మట్టితో చేసిన బిళ్ళలు కూడ దొరికినవి. అవి మెడలో ధరించుటకై చేయబడియుండునని తలంపబడుచున్నది.

నెల్లూరు కుండ కథ

దొరికిన నాణెములన్నియు చరిత్రకు దక్కలేదు. 1785–86 ప్రాంతమున నెల్లూరు చేరువ ఒక రైతు రాతిగుట్ట ప్రక్కనున్న నేలను దున్నుచుండగా నాగలి ఒక ఇటుక కట్టడమునకు తగిలి నిలిచిపోయెను. అతడు త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద ఒక కుండయు బయల్పడెను. కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణెములు కలవు. రైతు వానిని పాత బంగారముగ అమ్మివేసెను. పెక్కు నాణెములు కరగింపబడియుండును. ఆర్కాటు నవాబు కుమారుడైన అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను మాత్రము తిరిగి సంపాదింపగలిగెను. నాటి మద్రాసు గవర్నరు అలెగ్జాండరు డేవిడ్‌సను వానిలో తనకు నచ్చిన రెండింటిని ఎన్నుకొనెను. ఒకటి హాడ్రియను చక్రవర్తిది. రెండవది ఫౌస్టీనా మహారాణిది. ట్రాజను చక్రవర్తి నాణెములు కూడ ఆ రాశిలో నుండెనని ఆయన 1787లో వ్రాసిన ఉత్తరము వలన తెలియుచున్నది.

రైతును తప్పుపట్టుటకు వీలులేదు. అతనికి దొరికినది బంగారము. బంగారమునకు గల వెల అతనికి తెలిసినది. ఆ నాణెములకు వేరొక విలువ కలదని అతనికి చెప్పగలవారు ఆ ఊర లేరు. అయినను జరిగిన నష్టమును గమనింపుడు. కుండలో మొత్తము ఎన్ని నాణెములుండెనో తెలియదు. ఒక్కొక్కటి ఎంత తూగెనో తెలియదు. గవర్నరు ఉత్తరమున గ్రామము పేరైనను లేదు. కొన్ని నాణెములు టంకశాలనుండి అప్పుడే వచ్చినట్లు మెరయుచుండెననియు, కొన్నింటికి ఆభరణముగ ధరించుటకు తూట్లు పొడిచియుండిరనియు ఆ ఉత్తరము తెలుపుచున్నది. ఈ రెండు మాటలే ఎంతో విలువైనవి. కుండ మొత్తము దక్కియుండినచో ఇట్టి సంగతులు మరి యెన్ని తెలిసియుండెడివో ఊహింపవచ్చును.

నాణెము మీద చదువదగినదేమి?

నాణెమునకు రెండు వైపులు: బొమ్మ, బొరుసు. రోమను నాణెముల బొమ్మవైపున సాధారణముగ చక్రవర్తి తల యుండును. చుట్టును లాటిను అక్షరములలో ఆయన పేరును బిరుదములును ఉండును. బొరుసువైపున దేవతామూర్తియో, విజయచిహ్నమో, కట్టడమో చిత్రింపబడును. ఇవన్నియు అలంకారము కొరకు మాత్రమే యున్నవి కావు. వాని సాయమున నాణెము వయస్సును లెక్కింపవచ్చును.

ఒక ఉదాహరణము చూతము. మన దేశమున మిక్కిలి తరచుగ దొరకు రోమను వెండి నాణెములలో ఒకటి అగస్టసుది. దాని బొరుసువైపున ఇద్దరు యువకులు డాళ్ళు, బల్లెములు ముందిడుకొని నిలిచియుందురు. వారు అగస్టసు దత్తు తీసికొన్న మనుమలు గాయసు, లూసియసు. బొమ్మవైపున అగస్టసు బిరుదములలో 'దేశపిత' అనునది కలదు. ఆ బిరుదము ఆయనకు క్రీస్తుపూర్వము 2వ సంవత్సరమున ఇయ్యబడెను. కావున ఈ నాణెము అంతకు ముందు ముద్రింపబడినది కాజాలదు. ఇట్లు ఒక్క మాటను బట్టి కాలము నిర్ణయమగుచున్నది. రెండవ ఉదాహరణము తిబేరియసుది. దాని బొరుసువైపున ఒక స్త్రీ పీఠము మీద కూర్చుండి యుండును; ఆమె చక్రవర్తి తల్లి లివియా యని పలువురి అభిప్రాయము. ఈ రెండు నాణెములును నేటి ఫ్రాన్సు దేశములోని లియోను నగరపు టంకశాలలో ముద్రింపబడినవి. అచ్చటనుండి అవి నల్లగొండ పల్లెను చేరుటకు ఎన్ని చేతులు మారెనో, ఎన్ని ఓడలెక్కెనో!

నాణెము మీది గాట్లు కూడ చదువదగినవే. 1898లో పుదుక్కోట సంస్థానమున 501 రోమను బంగారు నాణెములు దొరికినవి. వానిలో అధికభాగము మీద చక్రవర్తి ముఖమును ఉలితో గాటు పెట్టియుండిరి. దీనికి కారణమేమను విషయమున పండితుల అభిప్రాయములు పలువిధములు. గాటుపడిన నాణెము పాడైనదని, అతుకులు వేయించిన నాణెము పనికిరానిదని తలంచుట పొరపాటు. ఇట్లే మన దేశపు బంగారపు పనివారు రోమను నాణెములను పోలునట్లు స్వయముగ ముద్రించినవి కూడ దొరకుచున్నవి. వాని మీద లాటిను అక్షరములు తారుమారుగ నుండును. అవి దొంగ నాణెములని పారవేయరాదు. ఆనాడు ఇక్కడి ప్రజలు రోము నాణెమును ఎంతగా మన్నించిరో అవియే చెప్పుచున్నవి.

పది సంపుటములనుండి అంతర్జాల పట్టికకు

భూమికి సర్వే నంబరున్నట్లు రోమను నాణెములకు కూడ నంబర్లు కలవు. 1923లో మాటింగ్లీ, సిడెనహాము అను ఆంగ్లేయ పండితులు 'రోమను ఇంపీరియల్ కాయినేజి' అను గ్రంథపు మొదటి సంపుటమును వెలువరించిరి. అగస్టసు మొదలు ఒక్కొక్క చక్రవర్తి కాలమున వెలువడిన నాణెముల రకములను వరుసగ వివరించి, ప్రతి రకమునకు ఒక సంఖ్య నిచ్చుట ఈ గ్రంథపు లక్ష్యము. పదవ సంపుటము వెలువడునప్పటికి 1994 వచ్చెను. అనగా మొదటినుండి చివరిదాక 71 సంవత్సరములు పట్టినది. పైన చెప్పిన అగస్టసు నాణెమునకు మొదటి సంపుటపు సవరించిన కూర్పులో 207వ సంఖ్యయు, తిబేరియసు నాణెమునకు 30వ సంఖ్యయు ఈయబడినవి. '207' అన్నంతనే లండనులోని పండితుడును, చెన్నపట్టణములోని పండితుడును ఒకే నాణెమును తలంతురు.

అయితే ఈ సంపుటములు వెల గలవి. పెద్ద గ్రంథాలయములలో తప్ప దొరకవు. కొత్తగ నాణెము దొరికిన ప్రతిసారి గ్రంథమును తిరిగి అచ్చువేయుటయు సాధ్యము కాదు. ఈ చిక్కును తీర్చుటకై, 1858లో స్థాపింపబడిన అమెరికను నాణకశాస్త్ర సంఘమును, న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచీన ప్రపంచ అధ్యయన సంస్థయు కలసి 2012లో ఒక అంతర్జాల పట్టికను ప్రారంభించినవి. దానిపేరు 'ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్'. పొడి అక్షరములలో దానిని 'ఓక్రే' యందురు. 2017 నాటికి పది సంపుటములలోని రకములన్నియు అందు చేరినవి. క్రీస్తుపూర్వము 31 మొదలు క్రీస్తుశకము 491లో జీనో చక్రవర్తి మరణమువరకు వెలువడిన 43,000కు పైగా రకములు అందు కలవు. ఎవరైనను, ఏ దేశమునుండియైనను, రుసుము చెల్లింపక దానిని చూడవచ్చును.

ఇందు 'రకము' వేరు, 'నాణెము' వేరు అను సంగతి గ్రహింపవలెను. 207వ రకము ఒక్కటియే. ఆ రకపు నాణెములు వేలకొలదిగ ముద్రింపబడినవి. ఒక్కొక్క మ్యూజియము తనయొద్దనున్న నాణెపు ఫోటోను, తూకమును, కొలతను ఆ రకము క్రింద చేర్చును. బెర్లినులోని నాణెము, లండనులోని బ్రిటిషు మ్యూజియము నాణెము, న్యూయార్కు నాణెము ఒక్క పుటలో ప్రక్కప్రక్కన కనబడును. ఏ మ్యూజియమును తన వస్తువును ఎవరికిని ఈయనక్కరలేదు; సమాచారము మాత్రమే ఉమ్మడి యగును. అందువలననే ఇది సాధ్యమైనది.

అయితే ఒక చిక్కు కలదు. రోము నగరమును ఒక భాషలో రోమ్ అనియు, వేరొక భాషలో రోమా అనియు వ్రాయుదురు. మన ఊళ్ళ పేర్లనే చూడుడు. ఒక గ్రామము పేరు దస్తావేజులో ఒక రీతిని, రైల్వే బోర్డు మీద ఒక రీతిని ఉండును. యంత్రమునకు ఇవి రెండును ఒక్కటియని తెలియదు. దీనిని నివారించుటకు 2010లో 'నోమిస్మా' అను ఏర్పాటు ఆరంభింపబడినది. చక్రవర్తికి, టంకశాలకు, లోహమునకు, నాణెపు విలువకు ఒక్కొక్క స్థిరమైన గుర్తును ఇచ్చుట దాని పని. ఏ భాషలో పేరెట్లున్నను గుర్తు మారదు. వేరువేరు దేశముల పట్టికలు ఒకదానితోనొకటి కలియుటకు ఈ ఉమ్మడి గుర్తులే ఆధారము.

ఒక నాణెమును చేర్చునపుడు వ్రాయవలసిన వివరములు కొన్ని కలవు: లోహము, తూకము, వ్యాసము, రెండువైపుల బొమ్మలు, రెండువైపుల అక్షరములు, టంకశాల, నాణెము నేడెవరి యొద్దనున్నది, అన్నిటికిని మించి ఎచ్చట దొరికినది. బొమ్మను నిలువుగ పట్టుకొని నాణెమును ప్రక్కకు త్రిప్పినపుడు బొరుసు తల యే దిక్కున నుండునో గడియారపు అంకెతో గుర్తింతురు. ఇంత చిన్న సంగతియు టంకశాలను, అసలు నకిలీలను నిర్ణయించుటలో తోడ్పడును.

సామాన్యుల పాత్ర: ఇంగ్లండు అనుభవము

మ్యూజియములలోని నాణెములకు తూకము కలదు, ఫోటో కలదు. కాని దొరికిన చోటు చాలవానికి తెలియదు. పూర్వము ధనికులు కొని దాచినవి వానిలో అనేకములు. చోటు తెలియవలెనన్న నేలను త్రవ్వువారే చెప్పవలెను. ఈ ఉద్దేశముతోనే ఇంగ్లండు, వేల్సు దేశములలో 1997లో 'పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీము' అను పథకము ఆరంభమైనది. బ్రిటిషు మ్యూజియము దీనిని నడుపుచున్నది. ప్రాంతమునకొక అధికారి యుండును. పొలములలో ఏదైన దొరికినవారు ఆయనకు చూపుదురు. ఆయన వివరములు వ్రాసికొని, ఫోటో తీసి, వస్తువును చాలవరకు దొరికినవారికే తిరిగి ఇచ్చును. శిక్షణ పొందిన పౌరులు తామే వివరములను నమోదు చేయుటయు కలదు. ఇట్లు ఆ పట్టికలో 15 లక్షలకు పైగా వస్తువులు చేరినవి. వానిలో రోమను నాణెములు లక్షల సంఖ్యలో కలవు.

ఈ పద్ధతి వలన కలిగిన మేలునకు 2010లో జరిగిన ఒక సంఘటన చక్కని నిదర్శనము. ఇంగ్లండులోని సామర్‌సెట్ జిల్లాయందు ఫ్రోము పట్టణపు సమీపమున, లోహశోధక యంత్రముతో పొలము వెదకుచున్న ఒక వ్యక్తికి భూమిలో నాణెములు తగిలినవి. కొంచెము త్రవ్వగా కుండ అంచు కనబడెను. అతడు అంతటితో చేయి ఆపి, గోతిని పూడ్చి, అధికారులకు తెలిపెను. పురావస్తు పరిశోధకులు వచ్చి, కుండను ఒక్కసారిగ పెకలింపక, పొరలు పొరలుగ మూడు దినములు నాణెములను తీసిరి. మొత్తము 52,503 నాణెములు. తూకము దాదాపు 160 కిలోగ్రాములు.

పొరలు పొరలుగ తీయుట వలన ఒక సంగతి తెలిసెను. 286లో తిరుగుబాటు చేసి బ్రిటనును ఏలిన కరౌసియసు నాణెములు ఆ కుండలోని క్రొత్త నాణెములలోనివి. ఇంటివారు ఏటేట కొంత కొంత దాచుచు వచ్చినచో క్రొత్త నాణెములు పైన నుండవలెను గదా! కాని వానిలో అధికభాగము కుండ అడుగు సగములో కనబడెను. కావున ఆ కుండ ఏండ్ల తరబడి నింపబడినది కాదు. ఒకే పర్యాయమున నింపబడినదని తేలెను. అది దాచుకొన్న సొమ్ము కాక దేవతలకు సమర్పించిన మొక్కుబడి యేమో యను ఆలోచన దీనినుండియే పుట్టినది. దొరికినతడు నాణెములను కుప్పగ పోసి కడిగియుండినచో 52,503 నాణెములును దక్కియుండెడివి. ఈ ఒక్క సంగతి మాత్రము దక్కియుండెడిది కాదు. ఆ నాణెములను సామర్‌సెట్ మ్యూజియము 3,20,250 పౌండ్లకు పొందినది. ఆ సొమ్ము దొరికినవానికి, భూమి యజమానికి ముట్టినది.

ఇందు మనము గమనింపవలసిన సూత్రము మరియొకటి కలదు. ఒక కుండలో పలు కాలముల నాణెములుండవచ్చును. వానిలో అన్నిటికంటె క్రొత్త నాణెము వెలువడిన పిమ్మటనే కుండ పాతిపెట్టబడినదని చెప్పగలము. నూరు నాణెములలో తొంబదితొమ్మిది భద్రముగ నుండి, ఆ క్రొత్త నాణెమొక్కటి పంపకములో వేరైనచో కుండ వయస్సు తప్పిపోవును. పది యిండ్లవారు తలకొన్ని పంచుకొనుట వలన కలుగు నష్టము ఇదియే.

చోటు చెప్పుట, చోటు దాచుట

దొరికిన చోటు అందరికిని తెలిసినచో దొంగలు త్రవ్వుకొనిపోరా యను సందేహము సహజము. మన ప్రాంతమున గుప్తనిధుల పేర రాత్రివేళ పాత దేవాలయములను, కోటగోడలను త్రవ్వువారిని గూర్చి సభ్యులు ఎరుగుదురు. ఇంగ్లండు పట్టిక దీనికొక ఉపాయము చేసినది. ఖచ్చితమైన స్థలము పరిశోధకులకు మాత్రమే తెలియును. సామాన్య పాఠకులకు ప్రాంతము మాత్రము కనబడును. అనగా వ్రాయుట పూర్తిగ వ్రాయవలెను. చూపుట జాగ్రత్తగ చూపవలెను. గ్రామములో నాణెములు దొరికినపుడు ఫోటోలు తీసి, సర్వే నంబరుతో సహా సెల్‌ఫోనులలో పంపుకొనుట ఎంత ప్రమాదకరమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

మన గ్రామములలో చేయదగినది

మన దేశమున దొరికిన రోమను నాణెముల జాబితా కూర్చుట క్రొత్త పని కాదు. మద్రాసు రాష్ట్రమున ఉద్యోగము చేసిన రాబర్టు స్యూయెలు 1904లో అట్టి జాబితాను ప్రకటించెను. 1989లో పౌలా టర్నరు మరింత వివరమైన గ్రంథము వెలువరించిరి. ఈ జాబితాలలో పెక్కుచోట్ల ఊరి పేరు మాత్రమే మిగిలి, నాణెములు చెదరిపోయినట్లు కనబడును. ఉమ్మడి పట్టిక ఎంత గొప్పదైనను, నేలలోనుండి వచ్చిన నాణెము అధికారుల దృష్టికి రానిచో అది చేయగలిగినది లేదు.

రైతులు, కూలీలు నాణెములను దాచుటకు ముఖ్యకారణము భయము. పోలీసులు వత్తురని, ఉన్నది పోవునని, పొలము స్వాధీనము చేసికొందురని వారి అనుమానము. ఈ భయమును తొలగింపవలసినవారు పంచాయతీ సభ్యులే. అందులకు చట్టము చెప్పునదేమో తెలిసియుండవలెను. 1878 నాటి భారత నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దాగియున్న 10 రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవారు ఆ సంగతిని కలెక్టరుకు లిఖితముగ తెలుపవలెను. దొరికిన వస్తువు, దాని సుమారు విలువ, చోటు, తేదీ అందు వ్రాయవలెను. నిధికి యజమాని ఎవరును లేరని తేలినపుడు, భూమి యజమానికిని దొరికినవానికిని నడుమ వేరొక ఒడంబడిక లేనిచో, దొరికినవానికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి మిగిలిన వంతు చెందును. ప్రభుత్వము ఆ నిధిని తీసికొనదలచినచో లోహపు వెలకు అయిదవ వంతు అధికముగ చేర్చి చెల్లింపవలెనని చట్టములో కలదు. తెలుపక దాచినవారు తమ వాటాను కోల్పోవుటయే గాక శిక్షకు కూడ పాత్రులగుదురు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరు సంవత్సరములు దాటిన నాణెము పురావస్తువు. లైసెన్సు లేక దానితో వ్యాపారము చేయరాదు, స్వంతముగ విదేశములకు పంపరాదు.

ఈ సంగతులను తెలిపిన పిమ్మట సభ్యులు చేయవలసిన పనులు కొన్ని కలవు.

మొదటిది, నాణెములు కనబడినచోట త్రవ్వకము నాపించుట. కుండ కనబడినచో దానిని పైకి తీయనీయరాదు. పగిలిన పెంకులను పారవేయనీయరాదు. కుండ పెంకు కూడ కాలమును తెలుపును.

రెండవది, నాణెములను శుభ్రపరచకుండ చూచుట. ఇత్తడి బిందెలవలె చింతపండుతో తోముటయో, బూడిదతో రుద్దుటయో, ఆమ్లములో ముంచుటయో చేసినచో అక్షరములు చెరిగిపోవును. మన్ను అంటియున్నను అట్లే యుండనీయవలెను.

మూడవది, అందరి సమక్షమున లెక్కించి, సంఖ్యను, తేదీని, సర్వే నంబరును కాగితము మీద వ్రాసి సాక్షుల సంతకములు తీసికొనుట. ఇది దొరికినవాని వాటాకు కూడ రక్షణ. తరువాత లెక్క తగ్గినదను తగవునకు తావుండదు.

నాల్గవది, కలెక్టరుకు నోటీసు వ్రాయుటలో దొరికినవానికి సాయపడి, రాష్ట్ర పురావస్తు శాఖకును వర్తమాన మంపుట. చదువురాని కూలీ పేర దొరికిన నిధి ఇతరుల పేర నమోదు కాకుండ చూచుట సభ్యుల బాధ్యత.

అయిదవది, రోమను నాణెములనే గాక ఇతర నాణెములను కూడ కాపాడుట. ఏనుగు బొమ్మ గల శాతవాహనుల సీసపు నాణెములను పనికిరాని బిళ్ళలని పారవేయుట కలదు. బంగారమునకు కాపలాదారులు దొరకుదురు, సీసమునకు దొరకరు. చరిత్రకు రెండును సమానమే.

ఈ విషయమును గ్రామసభలో ఒకమారు చదివి వినిపించుటయు, పునాదులు త్రవ్వు మేస్త్రీలకు, ట్రాక్టరు నడుపువారికి, పూడిక తీయు కూలీలకు ముందుగనే చెప్పియుంచుటయు మిక్కిలి ఉపయోగకరము. నాణెము దొరికిన పిమ్మట చెప్పబడు మాటకంటె, దొరకకమునుపు చెప్పియుంచిన మాట అక్కరకు వచ్చును. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల సాయముతో విద్యార్థులకు ఓక్రే పట్టికను కంప్యూటరు మీద చూపవచ్చును. తమ జిల్లాలో దొరికిన నాణెపు రకము న్యూయార్కు, బెర్లిను మ్యూజియములలో కూడ కలదని కన్నులార చూచిన బాలుడు, రేపు తన చేనిలో అట్టిది కనబడినపుడు దానిని కరగనీయడు.